ప్రెస్సుకి కూడా కాలవ కట్టేసే రోజులుండాలి: కోనసీమ పీచు, పొట్టు యూనిట్ల ఓనర్లకి ఒక ఫిట్టరు బహిరంగ లేఖ

కోనసీమలో కొబ్బరి పీచు బేళ్లు కట్టే, పొట్టు బ్లాకులు కొట్టే యూనిట్ల ఓనర్లకి, వాళ్ల సంఘం పెద్దలకి, తనిఖీలకొచ్చే అధికారులకి, ప్రెస్సు మీద పనిచేసే తమ్ముళ్లకి, నాలాంటి ఫిట్టర్లకి,

అందరికీ నమస్కారమండి. నేనెవరో మీలో సగం మందికి తెలుసు. బండి వెనకాల సీల్ కిట్ల (ఆయిలు కారకుండా ఆపే రింగుల) సంచి, రెంచీల డబ్బా కట్టుకుని అంబాజీపేట నుంచి అటు రాజోలు, ఇటు ముమ్మిడివరం దాకా తిరిగే ప్రెస్ ఫిట్టర్ని, అంటే పీచునీ పొట్టునీ ఆయిలు ప్రెషరుతో నొక్కే హైడ్రాలిక్ ప్రెస్సులు బాగు చేసేవాణ్ణి. ఈ పనిలోకొచ్చి ఇరవై రెండేళ్లయ్యింది. మీ యూనిట్లలో చేసిన పనితోనే నా ఇల్లు గడిచింది, పిల్లలు చదువుకున్నారు, అది మర్చిపోలేదు. అందుకే ఇందులో ఏ యూనిట్ పేరూ ఏ ఓనరు పేరూ రాయట్లేదు, ఎవరి సంగతి వాళ్లకి చదవగానే తెలిసిపోద్ది.

నేను చెప్పేది ఒకటే, ఎండాకాలంలో నీళ్లాపి కాలవలు బాగు చేసుకున్నట్టు ప్రెస్సుల్ని కూడా ఆపి బాగు చేసుకునే రోజులుండాలి. ఇలా ఊరందరికీ కనపడేలా రాయడం నాకూ ఇష్టం లేదండి. కిందటేడు జనవరిలో సంఘం పెద్దలకి ఒక కాగితం రాసి చేతికిచ్చాను, నేను చూసే తొమ్మిది ప్రెస్సుల్లో ఏది ఎలా ఉందో, ఏం మార్చాలో, ఎంతవుద్దో అన్నీ రాసి. "సీజన్ అవ్వనీవయ్యా చూద్దాం" అన్నారు. జూన్‌లో ఇంకోటి ఇచ్చాను. ఈసారి కుర్చీ వేసి టీ ఇచ్చారు, కాగితం మటుకు టేబులు మీద పుస్తకాల కిందకి పోయింది, దసరా ముందు వేరే పనిమీద వెళ్తే అక్కడే ఉంది, దాని మీద టీ గ్లాసు మచ్చ గుండ్రంగా ఉంది. ఆ రెండు కాగితాలకీ మధ్యలో, మే నెలలో, ఒక కుర్రోడి వేలు పోయింది.

ముందు ఆ సంగతి చెప్తాను, ఎందుకంటే అది ఎలా జరిగిందో ఇప్పటికీ చాలామందికి సరిగ్గా తెలీదు, "ప్రెస్సులో చెయ్యి పెట్టాడంట" అని చెప్పుకుంటున్నారు. చెయ్యి పెట్టలేదు.

మధ్యాన్నం భోజనాలయ్యాక లోడు ఎక్కువుంది, లారీ బయట ఆగుంది. ప్రెస్సు నొక్కుతుంటే పవర్ ప్యాకు (మోటారు, పంపు, ఆయిలు ట్యాంకు ఉండే భాగం) వెనకాల సన్నగా పొగలాగా కనపడిందంట. పొగ కాదది, ఆయిలు. ప్రెషర్ లైను హోసు పైపుకి కంటికానని చిల్లు పడితే ఆయిలు చుక్కలుగా కారదండి, మంచు పట్టినట్టు చిమ్ముద్ది. ఎక్కణ్ణుంచొస్తందో చూద్దామని ఆ కుర్రోడు (పంతొమ్మిదేళ్లు, తెలివైనోడే, అందుకే చూద్దామనుకున్నాడు) పైపు పట్టుకుని చూపుడు వేలితో తడుముకుంటా పోయాడు. సూది గుచ్చినట్టయ్యిందంతే. నేను సాయంత్రం అటుగా వెళ్తే "బాబాయ్, ఇదేంటో చూడవా" అని చూపించాడు. వేలి కొస మీద ఆవగింజలో సగమంత చుక్క. రక్తం కూడా లేదు. నాకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయ్యింది, ఇప్పుడే కాకినాడ బయల్దేరదీయండి అన్నాను. అప్పటికే ఊళ్లో ఆరెంపీ దగ్గర టీటీ ఇంజెక్షన్ చేయించారు, బిళ్లలు మింగించారు, "ఇంత చుక్కకి కాకినాడేంటయ్యా, నువ్వు మరీను" అని నన్నే ఎటకారం చేశారు, లోడయ్యేదాకా వాణ్ణి పన్లోనే ఉంచారు. నేనైనా ఎవరి మాటా వినకుండా వాణ్ణి బండెక్కించుకుని పోవాల్సింది. పోలేదు. రాత్రి పదింటికి వాళ్లమ్మ ఫోను చేసింది, చెయ్యి మోచేతి దాకా వాచిపోయిందని. తెల్లారేసరికి వేలు వంకాయ రంగు.

కాకినాడలో ఆపరేషన్ చేసిన డాక్టరుగారు చెప్పిందేంటంటే, అంత ప్రెషరుతో లోపలికెళ్లిన ఆయిలు వేలి దగ్గర ఆగదంట, వేలిని ఆడించే తాడులాంటి నరం (టెండన్) తొడుగు వెంబడి అరచేతిలోకి పాకిపోద్దంట, పైన చుక్కే కనపడుద్ది, లోపల కండ చచ్చిపోతా ఉంటది. మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు, అదే మోసం. మొదటి కొద్ది గంటల్లోనే కోసి కడిగేస్తే వేలు దక్కే అవకాశం ఎక్కువ. వీడు వెళ్లేసరికి అవన్నీ దాటిపోయాయి, చూపుడు వేలు మొదలు దాకా తీసేశారు. కుడి చెయ్యి.

ఆ పైపు నా జనవరి కాగితంలో ఉంది, మూడో లైను. "రెండో ప్రెస్సు, ప్రెషర్ హోసు, పై రబ్బరు పగిలి లోపలి తీగ కనపడుతోంది, వెంటనే మార్చాలి." పైపు, రెండు వైపులా ఫిట్టింగులు, నా కూలీ, అన్నీ కలిపి మూడు వేలు దాటదు.

ఇప్పుడు అసలు విషయాలు నంబర్లేసి రాస్తాను. కొన్ని మీకు తెలిసినవే, తెలిసీ వదిలేసినవి.

1. ప్రెస్సుని మనవాళ్లు రోలూ రోకలీ లెక్కలో చూస్తారు. ఒక్కసారి లెక్క వేద్దాం. 250 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండరు, 210 బార్ ప్రెషరు అనుకోండి. బోరు వైశాల్యం సుమారు 491 చదరపు సెంటీమీటర్లు, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద సుమారు 214 కేజీలు, గుణిస్తే 105 టన్నులు. స్కూల్లో పాస్కల్ సూత్రం అని బట్టీ పట్టించింది ఇదే. ఇంకో సంగతి, స్విచ్చి ఆపితే మోటారు ఆగుద్ది గానీ ప్రెషరు పోదు. వాల్వుకీ సిలిండరుకీ మధ్య ఆయిలు బిగిసి ఉండిపోద్ది, పైనున్న ర్యాము (దిగి నొక్కే రాడ్డు) ఆ ఆయిలు మీదే నిలబడి ఉంటది, వాల్వులో చిన్న నలక అడ్డం పడినా ప్యాకింగు (లోపలి సీలు) అరిగినా మెల్లగా దిగిపోద్ది. మోటారు ఆపేశాం కదా అని దాని కింద తలపెట్టి పొట్టు ఊడ్చేవాళ్లని రోజూ చూస్తన్నాను. ర్యాము కింద పెట్టడానికి ఇనప దిమ్మ ఒకటుండాలి, దాన్ని పెట్టాకే చెయ్యి పెట్టాలి. నేను తిరిగే తొమ్మిదింట్లో దిమ్మ ఉన్నది రెండింట్లో. అందులో ఒకదాన్ని గేటు మూసుకుపోకుండా ఒత్తు పెట్టుకున్నారు.

2. మన దుమ్ము, మన గాలి. కంపెనీవాళ్లిచ్చిన పుస్తకంలో మెయింటెనెన్స్ గడువులు శుభ్రంగా ఉండే షాపుల్ని చూసి రాసినవండి. మన దగ్గర గాల్లో ఎగిరేది కొబ్బరి పొట్టు. అది ఆయిల్ని చల్లార్చే కూలరు రెక్కల్లో పిడకలాగా అంటుకుపోద్ది, ట్యాంకు మీదుండే బ్రీదరు (గాలి పీల్చుకునే బుడిపె, చాలామందికి అదొకటుందనే తెలీదు) మూసుకుపోద్ది, ర్యాముకి అంటుకుని లోపలికెళ్లి ర్యాముని తుడిచే వైపరు సీలుని చింపేస్తది. దానికి తోడు సముద్రం దగ్గర ఉప్పు గాలి. ఉప్పునీళ్లలో నానిన డొక్కల పొట్టైతే ఇంక చెప్పక్కర్లేదు. ర్యాము మీద క్రోము పూత సన్నసన్నగా గుంటలు పడుద్ది, ఆ గుంటలు ఆకురాయిలాగా ప్రతి స్ట్రోకుకీ ప్యాకింగుని గీకేస్తా ఉంటాయి. మరి "నిన్నగాక మొన్న సీలు మార్చాం, మళ్లీ కారతందేంటి, డూప్లికేట్ వేశావా" అని నన్ను తిడితే నేనేం చెయ్యాలి. ర్యాము బాగు చేయించకుండా సీలు మారిస్తే, పైకప్పు కారుతుంటే నేల తుడుచుకున్నట్టే.

ఆయిలు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వానాకాలంలో రాత్రుళ్లు ట్యాంకు చల్లారాక లోపలి గాలిలో తేమ గోడలకి పట్టి నీళ్లయ్యి ఆయిల్లోకి దిగుద్ది. ఆయిలు పల్చటి మజ్జిగలాగా తెల్లబడితే అదే. కనిపెట్టడానికి ల్యాబులు అక్కర్లేదు, తెల్ల సీసాలో కాస్త తీసి రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దున్నకి నీళ్లు అడుక్కి దిగుతాయి, లేదంటే వేడి పెనం మీద చుక్క వేసి చూడండి, పోపులాగా చిటపటలాడిందంటే నీళ్లున్నట్టే. తాకితే చెయ్యి అయిదు సెకన్లు ఆనించలేనంత కాలిందంటే ట్యాంకు దాదాపు 60 డిగ్రీలకి వచ్చేసినట్టు, అక్కణ్ణుంచి ఆయిలూ సీళ్లూ రెండూ తొందరగా ముసలైపోతాయి. పంపు గులకరాళ్లు మింగినట్టు గరగరమంటుంటే సక్షను జాలీ మూసుకుపోయింది, దానికి ఆయిలు అందట్లేదు. దీన్ని వారం రోజులు వినీ విననట్టు ఊరుకున్న ఓనరుగారు ఒకాయన తర్వాత పంపు మొత్తం మార్పించాల్సొచ్చింది, ఆయన మా ఊరాయనే, ఇది చదివి నవ్వుకుంటారు.

3. హోసు పైపులు. పైపు మీద తయారైన తేదీ అచ్చేసి ఉంటది. జర్మనీవాళ్ల ప్రమాణం ఒకటుంది, గోడౌన్లో ఉన్న కాలంతో కలిపి పైపు వయసు ఆరేళ్లు మించకూడదని. మన యూనిట్లలో పైపు వయసు అడిగితే "మా పెద్దోడు పుట్టినప్పుడు వేశాం" అంటారు. నేను అబద్ధం చెప్పట్లేదు, ఆ పెద్దోడు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. కారే చోట సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించడం మరీ ప్రమాదం, ఆయిలు ఆగదు సరికదా చిల్లు ఎక్కడుందో కనపడకుండా పోద్ది. ఆయిలు చర్మంలోకి దూరడానికి 200 బార్ అక్కర్లేదు, 7 బార్ దగ్గరే దూరగలదు అంటారు. కాబట్టి తమ్ముళ్లూ, కారతన్న చోటు వెతకాలంటే వేలు కాదు, అట్టముక్క. పొడుగాటి అట్టముక్క దూరం నుంచి పట్టుకుని పైపు పక్కన జరుపుకుంటా పోతే దాని మీద తడి గీత పడుద్ది. అసలు ప్రెషరు దింపేసి చూడటమే సరైన పద్ధతి, ఆపనివ్వరు కాబట్టి అట్టముక్క సంగతి చెప్తన్నాను.

4. రిలీఫ్ వాల్వు. ఇది చెప్పాలంటే నా తప్పు ఒప్పుకోవాలి. బ్లాకు గట్టిగా రావట్లేదనో బేలు బరువు చాలట్లేదనో "కొంచెం బిగించవయ్యా" అంటారు. ప్రెషరు హద్దు దాటితే ఆయిల్ని ట్యాంకులోకి వదిలేసి మెషినునీ మనిషినీ కాపాడేదే ఆ వాల్వు. దాన్ని బిగించడమంటే కుక్కరు విజిలు మీద రాయి పెట్టడం. నేను బిగించాను, ఒకసారి కాదు, చాలాసార్లు, టీ డబ్బుల కోసం. అసలు తక్కువ ప్రెషరు ఎందుకొస్తందో, పంపు అరిగిందో, సిలిండరు లోపల ప్యాకింగు దాటేస్తందో చూడకుండా బిగించేసి వచ్చేశాను. గేజీలు కూడా అంతే, సగం ప్రెస్సుల్లో ముల్లు చచ్చిపోయి ఎప్పుడూ ఒకే చోట ఉంటది, ప్రెస్సు ఆగినా 80 చూపిస్తది. ఈ లేఖ రాసిన రోజు నుంచి గేజీ చచ్చిన ప్రెస్సులో రిలీఫ్ వాల్వు నేను ముట్టుకోను. తోటి ఫిట్టర్లకి కూడా ఇదే మనవి, నువ్వు కాకపోతే ఇంకోడొస్తాడు అని మనల్ని ఒకళ్లతో ఒకళ్లకి పోటీ పెడతారు, ఆ ఇంకోడు కూడా మనలో ఒకడే కదా.

5. కారితే ఏమవుద్దిలే అంటారు. సెకనుకో చుక్క కారతందనుకోండి, ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు వేసుకుంటే ఎనిమిది గంటల షిఫ్టుకి దాదాపు లీటరున్నర. నెలకి పాతిక రోజులు పనైతే 36 లీటర్లు. ఆరు నెలలకి ఒక డ్రమ్ము మొత్తం, 210 లీటర్లు, నేలపాలు. ఆ డబ్బులతో సీళ్లు రెండుసార్లు మార్చుకోవచ్చు, అది మీ నష్టం, మీ ఇష్టం. కానీ నేలమీద పడ్డ ఆయిలు ఎక్కడికి పోతందండి? పొట్టు చల్లి ఊడ్చేసి వెనకాల పారబోస్తారు, వాన పడగానే పంట బోదెలోకి, బోదె నుంచి కాలవలోకి. ఆ కాలవ నీళ్లే కింద ఊళ్లో గేదెలు తాగేది, చేపల చెరువుల్లోకి తోడుకునేది. మొన్న శ్రావణంలో ఒక యూనిట్ వెనక బోదెలో నీళ్ల మీద ఆయిలు తెట్టు ఇంద్రధనస్సు రంగుల్లో నిలబడుంటే పక్కనే ఒక ముసలావిడ దాన్ని చేత్తో పక్కకి నెట్టుకుని గిన్నెలు కడుక్కుంటంది. వాడేసిన ఆయిలు ప్రమాదకర వ్యర్థం కిందకొస్తదని 2016 నాటి కేంద్రం రూల్సులోనే ఉంది, పారబోయడం తప్పు.

6. పీసు రేటు. మెషిను చెడిపోడానికి అసలు కారణం నాకు ఇదే అనిపిస్తది. బేలుకింత, బ్లాకుకింత అని లెక్క కాబట్టి ప్రెస్సు ఆగితే ముందు పడేది కూలోడి కడుపు మీద. ఆపరేటరు పొద్దున్నే కొత్త శబ్దం వింటాడు, వాడికి తెలుసు ఏదో తేడాగా ఉందని. చెప్తే ప్రెస్సు ఆపుతారు, ఆపితే ఆ రోజు డబ్బుల్లేవు, పైగా "నీవల్లే ఆగింది" అంటారు. అందుకని చెప్పడు. ఓనరు అడగడు. నన్ను పిలిచేది ఎప్పుడంటే మొత్తం ఆగిపోయాక, అదీ రాత్రి తొమ్మిదింటికి, లారీ లోడు మధ్యలో. అప్పుడు నేను చేసేది రిపేరు, మెయింటెనెన్సు కాదు. ఈ ఇరవై రెండేళ్లలో నడుస్తున్న ప్రెస్సుని చూడ్డానికి నన్ను పిలిచిన ఓనర్లు నలుగురంటే నలుగురు.

7. చట్టం. 1948 ఫ్యాక్టరీల చట్టం లెక్కలో కరెంటుతో నడిచేచోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ, 2020లో చేసిన కొత్త కోడ్‌లో ఆ లెక్క 20 మందికి పెరిగింది. నేను వెళ్లే చోట్ల ఏడెనిమిది మందే ఎక్కువ. అంటే పెద్ద ఫ్యాక్టరీలో ఉన్న 100 టన్నుల ప్రెస్సుకి కాపలా ఉంది, మన షెడ్డులో ఉన్న 100 టన్నుల ప్రెస్సుకి లేదు, రెండూ వేలిని నలిపేది మటుకు ఒకేలా. ఈఎస్ఐ కూడా 10 మంది లెక్కే. ఇక పరిహారం, 1923 నాటి చట్టం పట్టికలో చూపుడు వేలు పూర్తిగా పోతే సంపాదించే శక్తి 14 శాతం పోయినట్టు. పద్నాలుగు శాతం అంటే ఎంతో నేను ఆ కుర్రోడి ఇంటికెళ్లి చూశాను. చొక్కా గుండీలు వాళ్లమ్మ పెడతంది. రెంచి పట్టుకుంటే జారిపోతంది. నా దగ్గర పని నేర్చుకుంటానని వాడు సంక్రాంతికే అడిగాడు, వేసవి అయ్యాక రా అన్నాను.

ఇవండీ విషయాలు. మీరు అనేది కూడా నాకు తెలుసు, పీచు రేటు ఎప్పుడు పడుద్దో తెలీదు, కరెంటు బిల్లు, బ్యాంకు వాయిదా, లారీ కిరాయి, ఒక్కరోజు ఆపితే ఎక్స్‌పోర్టు వాళ్లు ఆర్డరు పక్కోడికిస్తారు. అబద్ధం కాదు. కానీ మనం ఉండేది డెల్టాలో. కాటన్ దొర హయాంలో, 1852లో, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యింది, దాని చోట తర్వాత కట్టిన బ్యారేజీ కింద ఇవాళ పది లక్షల ఎకరాలు పండుతున్నాయి. అంత పెద్ద యవ్వారానికి కూడా ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు. పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగేస్తారు, లాకుల తలుపులు, తూములు బాగు చేసుకుంటారు. "అయ్యో కాలవ ఆపేస్తే ఎలా" అని ఏ రైతూ అనడు, ఆపకపోతే సార్వాకి శివారు భూములకి నీళ్లెక్కవని తెలుసు కాబట్టి తేదీ ఎప్పుడో కనుక్కుని దాన్ని బట్టి ఊడుపులు చూసుకుంటాడు. పొలాలున్న ఓనర్లు మీలో చాలామంది ఉన్నారు, కాలవకిచ్చిన రోజులు ప్రెస్సుకి ఇవ్వలేరా?

మేం అడిగేవి ఇవి. మేం అంటే నేనూ, ప్రెస్సుల మీద పనిచేసే కొంతమంది కుర్రాళ్లూ, ఇంకో ఇద్దరు ఫిట్టర్లూ.

ఒకటి. నెలకొక రోజు ప్రెస్సు ఆపాలి, ఆ తేదీ ముందే గోడ మీద రాయాలి, లారీ వచ్చినా మారకూడదు. ఫిల్టరు, జాలీ, బ్రీదరు, కూలరు శుభ్రం, నట్లు బోల్టులు (ముఖ్యంగా నిలువు రాడ్ల నట్లు, అవి లూజైతే ఫ్రేము ఒక పక్కకి గుంజుకుని ర్యాము వంకరగా అరుగుద్ది), పైపులు, గేజీ. ఏడాదికోసారి, కాలవలు కట్టేసినప్పుడు, మూడు రోజులు పూర్తిగా ఆపి ఆయిలు తీసి ట్యాంకు లోపల గుడ్డతో తుడిచి (కాటన్ వేస్టుతో కాదు, పోగులు ఉండిపోతాయి) కొత్తది వడపోసి పొయ్యాలి. 2000 గంటలు ముందే నిండితే అప్పుడే మార్చాలి.

రెండు. ఆ రోజుకి కూలి ఇవ్వాలి. పీసు రేటు వాళ్లకి మొన్నటి వారం సరాసరి కట్టి. ఇది ఇవ్వకపోతే మిగతావన్నీ కాగితం మీదే ఉంటాయి, నేను రాసిస్తాను.

మూడు. ప్రతి హోసు పైపుకీ వేసిన తేదీతో రేకు బిళ్ల. ఆరేళ్లు దాటినవి, తీగ కనపడేవి ఈ నెలలోనే తీసెయ్యాలి.

నాలుగు. మెయిన్ స్విచ్చికి తాళం. రిపేరప్పుడు ఆ తాళంచెవి లోపల చెయ్యి పెట్టినోడి జేబులో ఉండాలి, ఓనరు జేబులో కాదు, మేస్త్రీ జేబులో అసలే కాదు. తాళం వేశాక మీటలు నాలుగుసార్లు అటూ ఇటూ ఆడించి ప్రెషరు దింపాలి, గేజీ సున్నాకొచ్చిందో లేదో చూసుకోవాలి, దిమ్మ పెట్టాలి. రెండు చేతులతో నొక్కితేనే దిగేలా రెండు బటన్లున్న ప్రెస్సుల్లో ఒక బటనుకి పుల్ల గుచ్చి ఒంటి చేత్తో నడిపిస్తున్నారు, ఆ పుల్లలు ఇవాళే పీకెయ్యండి, దానికి నెల గడువు అక్కర్లేదు.

అయిదు. రిలీఫ్ వాల్వు ఎంత దగ్గర పెట్టాలో మెషిను ప్లేటు మీద రాసే ఉంటది, అక్కడ పెట్టి తీగతో సీలు వెయ్యాలి. ఎవరు ఎప్పుడు విప్పారో పుస్తకంలో సంతకం. ఆ పుస్తకంలోనే రోజూ పొద్దున్న ఆపరేటరు నాలుగు ముక్కలు రాయాలి, ఆయిలు మట్టం, వేడి, కారడం, శబ్దం. స్కూలు నోటు బుక్కు చాలు.

ఆరు. పవర్ ప్యాకు కింద రేకు ట్రే. తీసిన ఆయిలు డ్రమ్ములో పోసి లైసెన్సున్న వాళ్లకే అమ్మాలి, ఇటికబట్టీలకి కాదు.

ఏడు. ఆయిలు గుచ్చుకుంటే చిన్న చుక్కైనా సరే వెంటనే సర్జనున్న పెద్దాసుపత్రికి పంపాలి, "హైడ్రాలిక్ ఆయిలు ప్రెషరుతో లోపలికెళ్లింది, ఇన్ని గంటలకి" అని చీటీ రాసిచ్చి, ఆయిలు డబ్బా మీద పేరు కూడా రాసి. అమలాపురం చుట్టుపక్కల నుంచి కాకినాడైనా రాజమండ్రైనా దాదాపు అరవై కిలోమీటర్లు, అందుకే లారీ లోడయ్యేదాకా ఆగే పని కాదు. ఈ నాలుగు లైన్లూ పెద్దక్షరాలతో ప్రెస్సు పక్కన గోడ మీద ఉండాలి.

ఎనిమిది. అధికారులకి. పదిమంది లేరు, ఇరవై మంది లేరు, మా పరిధిలోకి రాదు అంటే మీ తప్పేం లేదు, రూలు అలా ఉంది. కానీ లైసెన్సు, లోను, సబ్సిడీ అని ఏదో ఒక కాగితానికి ప్రతి యూనిట్టూ ఏదో ఒక ఆఫీసుకొస్తది కదా, ఆ కాగితంతో పాటు ప్రెస్సు మెయింటెనెన్సు పుస్తకం కూడా అడగండి. అడిగితే చాలు, రాయడం మొదలుపెడతారు. మండలానికోసారి ఆపరేటర్లకి ఒకపూట ట్రైనింగు పెట్టించండి, తెలుగులో, ప్రెస్సు దగ్గర నిలబెట్టి చెప్పాలి, ఏసీ హాల్లో బొమ్మలేసి కాదు.

తొమ్మిది. ఆ కుర్రోడికి పట్టిక ప్రకారం రావాల్సిన డబ్బు, ఆసుపత్రి ఖర్చు ఇప్పించాలి. ఆ ఓనరుగారు మనిషి మంచోడే, మొదట్లో ఇరవై వేలు ఇచ్చారు, తర్వాత ఎవరో "ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టవుద్ది" అని చెప్పారంట, ఆగిపోయారు. అయ్యా, ఆ పైపు సంగతి ముందే చెప్పానని చూపించే కాగితం నా దగ్గర జిరాక్సు ఉంది. దాన్ని బయటపెట్టాలని నాకు లేదు. సంఘం పెద్దలు కూర్చుని నెల్లోపు తేలిస్తే బావుంటది.

ఈ తొమ్మిదింటికీ సంఘం నుంచి రాతపూర్వకంగా జవాబు కావాలి, ఈ నెలాఖరు లోపు. రాకపోతే వచ్చే నెల ఒకటో తారీకు నుంచి నేనూ ఇంకో ఇద్దరు ఫిట్టర్లూ తాళం, దిమ్మ లేని ప్రెస్సు దగ్గర రెంచి పట్టుకోం, రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసినా సరే.

జవాబిచ్చి మొదటి ఆపుదల రోజు పెట్టుకున్న మూడు యూనిట్లకి కూలి తీసుకోకుండా నేనే వచ్చి దగ్గరుండి చేయిస్తాను, సామాన్ల ఖర్చు మీది. వచ్చేముందు ఫోను చేస్తాను. ఖాళీ డ్రమ్ము ఒకటి, ఉతికిన పాత పంచె గుడ్డలు, టార్చి లైటు రెడీగా పెట్టండి. అట్టముక్కలు నేను తెస్తాను.

ఇట్లు,
అంబాజీపేట దగ్గరి ఒక ప్రెస్ ఫిట్టరు